రియాద్ ఆఫర్ 4,500 రియాళ్ళు.. మిగిలేదెంత, తినేదేమిటి?

పోయిన నెలలో ఒక శుక్రవారం జుమా నమాజు చేసుకుని ఇంటికొచ్చి ఫోన్ చూస్తే, జిద్దా నుంచి మా భాయ్‌జాన్ వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపి ఉన్నాడు. కింద రెండు ముక్కలు: ‘నువ్వు బీకాం కదా, చూసి చెప్పు. రెండు వారాల్లో జవాబు ఇవ్వాలంట.’ అది రియాద్‌లోని ఒక గోడౌన్ కంపెనీ ఇచ్చిన ఆఫర్ లెటర్. నెలకు 4,500 రియాళ్ళు. ఇప్పుడు జిద్దాలో ఆయనకు వస్తున్నది 2,700.

రాత్రి అయ్యేసరికి కర్నూల్లో మా ఇంట్లో ఆ అంకె అందరికీ తెలిసిపోయింది. అమ్మీ అప్పుడే పై అంతస్తు కట్టేసింది. అబ్బా బ్యాంకు లోను ఎన్నాళ్ళలో తీరుతుందో లెక్క వేయమన్నాడు. భాభీ మాత్రం పిల్లలు పడుకున్నాక వచ్చి ఒకే మాట అడిగింది, ‘ఈ జీతంతో మమ్మల్ని అక్కడికి పిలిపించుకోవచ్చా?’ పెద్దోడికి ఏడేళ్ళు, చిన్నదానికి మూడు. చిన్నది పుట్టాక భాయ్ ఇంటికి వచ్చింది రెండేసార్లు. వీడియో కాల్‌లో ‘అబ్బా, అబ్బా’ అంటుంది గానీ, మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే వాళ్ళమ్మ కొంగు వెనక దాక్కుంటుంది.

ఇలాంటి పీడీఎఫ్ ఏదో ఒక రోజు వచ్చే ఇళ్ళు మనలో చాలానే ఉన్నాయి. అందుకే మా ఇంట్లో వారం రోజులు నడిచిన లెక్కను ఇక్కడ పెడుతున్నా. ఇది సౌదీ లెక్క. దుబాయ్, కువైట్, ఖతర్ చట్టాలు వేరు, దీన్ని అక్కడికి అతికించొద్దు.

జీతాన్ని ముందు ముక్కలు చేయాలి

ఆ 4,500 ఒకే ముక్క కాదు. బేసిక్ 2,600, హౌసింగ్ 1,000, ట్రాన్స్‌పోర్ట్ 400, ‘ఇతర అలవెన్సు’ 500. ఇప్పటి కంపెనీలో బేసిక్ 2,400, ఫుడ్ అలవెన్సు 300. రూము, బస్సు కంపెనీవే. అంటే మొత్తం జీతం 67 శాతం పెరిగినట్టు కనిపిస్తుంది గానీ, బేసిక్ పెరిగింది 200 రియాళ్ళే.

బేసిక్ మీద ఇంత పట్టింపు దేనికంటే ఓవర్‌టైమ్ కోసం. సౌదీ లేబర్ చట్టం ప్రకారం ఓవర్‌టైమ్ గంటకు ఆ గంట జీతంతో పాటు బేసిక్‌లో 50 శాతం అదనంగా ఇవ్వాలి. గోడౌన్ పనిలో ఓవర్‌టైమ్ మామూలే కాబట్టి, బేసిక్ తక్కువ పెట్టి అలవెన్సులు పెంచితే కంపెనీకి లాభం. ఇక ఆ ‘ఇతర అలవెన్సు’ పక్కన చిన్న అక్షరాల్లో ‘కంపెనీ నిర్ణయం మేరకు’ అని ఉంది. అంటే ఇష్టమైతే ఇస్తారు, లేకపోతే ఆపేస్తారు. నేనైతే ఆ 500ను లెక్కలోంచి సగం కొట్టేసి చూడమన్నా.

ఇఖామా ఫీజు, వర్క్ పర్మిట్ ఫీజు, కొత్త కంపెనీకి మారేటప్పుడు కట్టాల్సిన ట్రాన్స్‌ఫర్ ఫీజు.. ఇవన్నీ యజమానే కట్టాలని ఆర్టికల్ 40 చెబుతుంది. ‘మొదటి రెండు నెలలు కొంచెం పట్టుకుంటాం’ అని ఎవరైనా అంటే అది చట్టం మాట కాదు.

నాలుగు నెలల తేడా

ఇది మా భాయ్‌కి అసలు తట్టని విషయం. నిజం చెప్పాలంటే చట్టం తెరిచి చూసేదాకా నాకూ తట్టలేదు. ఇప్పటి కంపెనీలో ఆయన చేరి 4 ఏళ్ళ 8 నెలలైంది.

సౌదీలో ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసు డబ్బు వస్తుంది. మొదటి ఐదేళ్ళకు ఏడాదికి అరనెల జీతం, ఆ తర్వాత ప్రతి ఏడాదికీ పూర్తి నెల జీతం. ఇక్కడ జీతం అంటే బేసిక్ ఒక్కటే కాదు, ప్రతి నెలా ఖాయంగా వచ్చే అలవెన్సులు కూడా. (యూఏఈలో బేసిక్ మీదే లెక్క. ఈ రెంటినీ కలిపేసి గొడవపడే వాళ్ళు చాలామంది.) అయితే మనంతట మనమే రాజీనామా చేస్తే అందులో కోత ఉంటుంది. రెండేళ్ళలోపు ఏమీ రాదు. రెండు నుంచి ఐదేళ్ళ వరకు మూడో వంతు. ఐదు దాటితే మూడింట రెండు వంతులు. పదేళ్ళు నిండితే మొత్తం.

మా భాయ్ ఈరోజే రాజీనామా ఇస్తే లెక్క 6,300 రియాళ్ళు, అందులో మూడో వంతు 2,100. ఐదేళ్ళు దాటాక ఇస్తే 6,750లో రెండు వంతులు, అంటే 4,500. ఆయన అదృష్టం ఏమిటంటే ఇప్పటి కాంట్రాక్టు గడువు కూడా సరిగ్గా ఐదేళ్ళ దగ్గరే ముగుస్తుంది. గడువు ముగిసి, రెన్యూవల్ వద్దని ముందుగా రాతపూర్వకంగా చెప్పి వెళితే అది రాజీనామా కిందికి రాదు, మొత్తం 6,750 రావాలి. నాలుగు నెలలు ఆగితే 4,650 రియాళ్ళు తేడా. కొత్త కంపెనీలో ఒక నెల జీతం కంటే ఎక్కువే.

గడువు మధ్యలో వదిలేస్తే ఇంకో ప్రమాదం కూడా ఉంది. పరిహారం గురించి కాంట్రాక్టులో ఏం రాశారో చూసుకోవాలి. ఏమీ రాయకపోతే ఆర్టికల్ 77 కింద మిగిలిన నెలల జీతం దాకా కంపెనీ అడగొచ్చు.

ఇంకా ఉంది. ఒకే యజమాని దగ్గర ఐదేళ్ళు నిండితే ఏడాది సెలవు 21 రోజుల నుంచి 30 రోజులు అవుతుంది. కంపెనీ మారితే మళ్ళీ 21 దగ్గర మొదలు. సర్వీసు డబ్బు కూడా మళ్ళీ అరనెల లెక్కే. ఈ తొమ్మిది రోజుల మాట వినగానే భాయ్ కాసేపు మాట్లాడలేదు. ఇంట్లో గడిపే రోజులను ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టుకునే మనిషి.

మారడానికి పాత కఫీల్ ఒప్పుకోవాలా అని అబ్బా అడిగాడు. 2021 మార్చిలో వచ్చిన సంస్కరణల తర్వాత కాంట్రాక్టు ముగిశాక ఆ అనుమతి అక్కర్లేదు. కొత్త కంపెనీ ‘కివా’ పోర్టల్‌లో రిక్వెస్ట్ పెడుతుంది, మనం మన ఫోన్‌లో ఒప్పుకుంటే చాలు. కానీ ఇళ్ళల్లో పనిచేసే డ్రైవర్లకు, వంటవాళ్ళకు, పనిమనుషులకు ఈ సంస్కరణ వర్తించదు, వాళ్ళ నియమాలు వేరు. మన దగ్గర నుంచి ఆ పనులకు వెళ్ళేవాళ్ళు ఎక్కువ కాబట్టి చెబుతున్నా.

ఒంటరిగా ఎంత, కుటుంబంతో ఎంత

ఇప్పుడు జిద్దాలో తిండికి 450, ఫోను, బట్టలు, చిల్లర ఖర్చులు 250 పోగా నెలకు 2,000 ఇంటికి పంపుతున్నాడు. రియాద్‌కు ఒక్కడే వెళితే కంపెనీ రూము ఉండదు. బెడ్ స్పేస్ 600, తిండి 600, చిల్లర 260. 2024 డిసెంబరులో మొదలైన రియాద్ మెట్రోకు నెల పాసు 140. మొత్తం 1,600 పోతే 2,900 మిగులుతుంది. అంటే జీతం 1,800 పెరిగితే ఇంటికి వచ్చేది 900 పెరుగుతుంది. సగం.

ఇక భాభీ అడిగిన ప్రశ్న. సౌదీలో ఇఖామా మీద ఉండే ప్రతి కుటుంబ సభ్యుడికీ నెలకు 400 రియాళ్ళు డిపెండెంట్ ఫీజు. 2017లో 100తో మొదలై ఏటా వంద పెరుగుతూ 2020లో 400 దగ్గర ఆగింది. భార్య, ఇద్దరు పిల్లలు అంటే నెలకు 1,200, ఏడాదికి 14,400. ఇది మామూలుగా ఉద్యోగే కట్టుకోవాలి. 4,500లో ఇది పోతే 3,300. భాయ్ స్నేహితుడు విచారించిన రెండు గదుల ఫ్లాటు ఏడాదికి 21,600, అంటే నెలకు 1,800. రియాద్‌లో అద్దెలు మండిపోతుంటే 2025 సెప్టెంబరులో ప్రభుత్వం ఐదేళ్ళ వరకు పెంచకూడదని ఆపేసింది. అది కొంత నయమే, కానీ ఆపింది పెరిగాకే కదా! ఇక మిగిలింది 1,500. అందులో కరెంటు, పెద్దోడి స్కూలు ఫీజు, స్కూలు బస్సు, నలుగురి తిండి. మెడికల్ ఇన్సూరెన్స్ ఒక్కటి కంపెనీ ఇవ్వాల్సిందే, ఉద్యోగితో పాటు కుటుంబానికీ. కర్నూలుకు పంపడానికి ఏమీ ఉండదు. ఆ ‘ఇతర అలవెన్సు’ ఆగిన నెల అప్పు చేయాలి.

ఈ లెక్క భాభీకి నేనే చెప్పాల్సి వచ్చింది. కాగితం మీద రాసి చూపించా. ఆమె కాగితాన్ని కాసేపు చూసి, మడిచి డబ్బాలో పెట్టుకుంది.

ఫుడ్ అలవెన్సు పోయింది, తిండి ఎలా?

కొత్త ఆఫర్‌లో ఫుడ్ అలవెన్సు లేదు. తిండికి 600 సరిపోతుందా అని నేను అనుమానం పెడితే భాయ్ నవ్వాడు. ‘నువ్వు చూశావు కదా ఇక్కడ ఎట్లా తింటానో’ అన్నాడు. నిజమే, చూశా. పోయినేడాది ఉమ్రాకు వెళ్ళినప్పుడు జిద్దాలో ఆయన దగ్గర పన్నెండు రోజులు ఉన్నా.

మొదటి రోజు ఫజ్ర్ తర్వాత ఒక తమీస్ కొట్టుకు తీసుకెళ్ళాడు. తమీస్ అంటే తందూర్‌లో కాల్చిన పెద్ద గుండ్రటి రొట్టె. మొదట ఆఫ్ఘన్ల రొట్టె, ఇప్పుడు హిజాజ్ అంతా పొద్దున అదే తింటుంది. దానితోపాటు ఫూల్. చిక్కుడు జాతి పెద్ద గింజలను రాత్రంతా సన్నని మంట మీద, మెడ ఇరుకుగా ఉండే కుండలో ఉడకబెడతారు. పొడుగు గరిటెతో తీసి గిన్నెలో మెదిపి, జీలకర్ర పొడి, నూనె, టమాటా, నిమ్మరసం వేసి ఇస్తారు. ఇద్దరం కడుపునిండా తింటే పది రియాళ్ళు కూడా కాలేదు. నాకు మొదటి ముద్ద చప్పగా అనిపించింది. పక్కనే పెట్టిన ‘షత్తా’ అనే ఎర్ర కారం కలుపుకున్నాక దారిలోకి వచ్చింది. రాయలసీమ నాలుక కదా.

భాయ్ రూములో ఆరుగురు ఉంటారు, అందరూ మనవాళ్ళే. మెస్ ఉంది, వంతులవారీగా వండుకుంటారు. అన్నం, పప్పు, చికెన్. శుక్రవారం బిర్యానీ. ఆ బిర్యానీని నేనేమీ అనను, రెండు శుక్రవారాలు తిన్నవాణ్ణి. కానీ వాళ్ళలో ఒకాయన ఏడేళ్ళుగా జిద్దాలో ఉండి ఫూల్ రుచి చూడలేదన్నాడు. అరబీ కూడా ‘కమ్’ (ఎంత), ‘ఖలాస్’ (అయిపోయింది) దాటలేదు. ఇంటి తిండి మీద బెంగ పెరిగినప్పుడల్లా ఆటో.. కాదు, ట్యాక్సీ కట్టుకుని షరఫియాలోని ఇండియన్ హోటళ్ళకు వెళ్ళి ఒక్క పూటకు ముప్పై నలభై రియాళ్ళు పెట్టి వస్తాడట. బిల్లులో 15 శాతం వ్యాట్ కూడా ఉంటుంది, 2020 జూలై నుంచి అంతే. అదే మనిషి పక్క వీధిలో ఏడు రియాళ్ళ ఫూల్‌ను ‘మనకు పడదు’ అంటాడు.

మా భాయ్ దారి వేరు. మధ్యాహ్నం గోడౌన్‌లో యెమెనీ, సూడానీ, ఈజిప్షియన్ వాళ్ళతో కలిసి నేల మీద సుఫ్రా పరిచి, ఒకే పళ్ళెంలో తింటాడు. నలుగురు డబ్బులు వేసుకుని ఒక మండీ తెప్పించుకుంటే తలా పది పన్నెండు పడుతుంది. మండీ మనకు కొత్త కాదు. నిజాం సైన్యంలో చేరడానికి హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బస్తీ హైదరాబాద్ బార్కస్. అక్కడి మండీ ఇప్పుడు మా కర్నూలు దాకా పాకింది. కానీ మన మండీకి మసాలా దట్టించి మయొనైజ్ పక్కన పెడతాం. అక్కడ అన్నం తేలిగ్గా ఉంటుంది, మాంసం ఎముక నుంచి జారిపోతుంది, పక్కన పచ్చి టమాటా, మిరపకాయ నూరిన చట్నీ, చల్లటి లబన్. లబన్ అంటే మన మజ్జిగే, కొంచెం చిక్కగా.

చెప్పాల్సిన అసలు సంగతి ఏమిటంటే, ఈ రియాద్ ఆఫర్ వచ్చింది ఆ పళ్ళెం దగ్గరే. ఆయనతో కలిసి తినే సూడానీ సూపర్‌వైజర్ రెండేళ్ళ కిందట రియాద్ వెళ్ళాడు. అక్కడ స్టాక్ చూసే మనిషి కావాల్సి వస్తే మా భాయ్ పేరు చెప్పాడు. ఇంటర్వ్యూ సగం అరబీలో జరిగింది. ఆ అరబీ భాయ్ ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు, ‘కొంచెం ఉప్పు ఇటివ్వు’ దగ్గర మొదలుపెట్టి నేర్చుకున్నాడు. 900 రియాళ్ళు పెరుగుతున్నాయంటే అందులో ఆ భోజనాల వాటా ఎంతో బీకాంలో మాకు చెప్పలేదు.

రియాద్ వెళితే జిద్దా తిండి కొంత పోతుంది. ఎర్ర సముద్రం చేపలతో, బాగా వేగిన ఉల్లిపాయ రంగు పట్టిన అన్నంతో చేసే సయ్యాదియా జిద్దాలో తినాల్సిందే. కార్నిష్ మీద సాయంత్రం ఉడికించిన శనగల్లో జీలకర్ర, వెనిగర్ కలిపి ఇచ్చే బలీలా, పాత బస్తీ అల్ బలద్‌లో కీమా, గుడ్డు పెట్టి మడిచి పెనం మీద కాల్చే ముతబ్బక్.. నాకు ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ ముతబ్బకే. అల్ బైక్ చికెన్ కోసం బాధపడక్కర్లేదు. కొన్నేళ్ళ కిందటి వరకు జిద్దా నుంచి రియాద్ వెళ్ళేవాళ్ళు విమానంలో డబ్బాలు మోసుకెళ్ళేవారు, ఇప్పుడు అక్కడా ఉంది.

రియాద్ నజ్ద్ ప్రాంతం, వాళ్ళది గోధుమ తిండి. జరీష్ అని ఒకటుంది, దంచిన గోధుమ నూకను పాలు లేదా పెరుగుతో మెత్తగా ఉడికించి, పైన వేయించిన ఉల్లి వేస్తారు. 2023లో సౌదీ దాన్ని జాతీయ వంటకంగా ప్రకటించింది. హలీమ్ తినే మనకు అది పరాయిదిగా ఏమీ అనిపించదు, మాంసం లేని చిన్నచెల్లెలిలా ఉంటుంది. కబ్సా సంగతి చెప్పక్కర్లేదు, ఎండు నిమ్మకాయ పులుపుతో ప్రతి వీధిలోనూ దొరుకుతుంది. మనసు ఊరి మీదకు పోతే బత్హా ఉంది, అక్కడ మన హోటళ్ళకు కొదవ లేదు. నెలకోసారైతే పర్వాలేదు, వారానికోసారి అయితే ఆ 600 దాటిపోతుంది.

ఒక్కటి మాత్రం రియాద్‌లో దొరకదు. జిద్దా నుంచి మక్కా గంట ప్రయాణం. భాయ్ దాదాపు ప్రతి నెలా హరమ్‌కు వెళ్ళొస్తాడు. రియాద్ నుంచి అయితే 900 కిలోమీటర్ల దూరం. ఆఫర్ లెటర్‌లో దీనికి గడి లేదు. అమ్మీ మాత్రం పై అంతస్తు మాట మధ్యలో ఆపి, ఇదొక్కటే రెండుసార్లు అడిగింది.

ఇక్కడి నుంచి కొత్తగా వెళ్ళేవాళ్ళకు ఇంకొక జాగ్రత్త. భాయ్‌లా అక్కడే ఉండి కంపెనీ మారడం వేరు, ఊరి నుంచి ఆఫర్ చూసి బయల్దేరడం వేరు. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ‘ఈ-మైగ్రేట్’ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. తెలంగాణలో టామ్‌కామ్, ఏపీలో ఓంక్యాప్ ప్రభుత్వ సంస్థలే. విజిట్ వీసా మీద వచ్చి చేరమంటే ఆ ఆఫర్‌ను అక్కడే వదిలేయండి.

భాయ్ ఏం చేశాడు?

నేను నాలుగు ప్రశ్నలు రాసి పంపితే, ఆయన వాటిని అరబీలో కంపెనీకి పంపాడు. నాలుగు నెలలు ఆగి, కాంట్రాక్టు గడువు ముగిశాక చేరవచ్చా? ‘ఇతర అలవెన్సు’ 500ను బేసిక్‌లో కలుపుతారా? డ్యూటీలో ఒక పూట భోజనం ఇస్తారా? ఇఖామాలో ఏ వృత్తి రాస్తారు?

చివరిది చిన్న ప్రశ్న కాదు. కుటుంబ వీసా ఇస్తారా లేదా అన్నది ఇఖామాలో రాసే వృత్తి మీద ఆధారపడుతుంది. పని స్టోర్ ఇన్‌చార్జిది, ఇఖామాలో మాత్రం ‘లేబర్’ అని ఉంటే భాభీ ప్రశ్నకు అక్కడే తలుపు మూసుకుంటుంది.

మూడింటికి జవాబు వచ్చింది. నాలుగు నెలలు ఆగుతామన్నారు, కొత్త తేదీతో మళ్ళీ పీడీఎఫ్ పంపారు. 500లో 300 బేసిక్‌లో కలిపారు, ఇప్పుడది 2,900. మధ్యాహ్నం భోజనం ఉందన్నారు, అన్నమూ కోడీనే అంట. భాభీ, పిల్లలను ఇఖామా మీద కాకుండా వేసవి సెలవుల్లో విజిట్ వీసా మీద పిలవాలని భాయ్ ఆలోచన. దానికి నెలకు 400 లెక్కన డిపెండెంట్ ఫీజు ఉండదు. రెండు నెలలైనా పిల్లలు వాళ్ళ అబ్బాతో కలిసి తింటారు.

భాభీ ఆ కాగితం డబ్బాలోంచి తీసి వెనకవైపు కొత్త లెక్క రాయించుకుంది. వృత్తి గురించి అడిగిన దానికి మాత్రం రియాద్ నుంచి ఇంకా జవాబు రాలేదు. అది వచ్చేదాకా సంతకం పెట్టొద్దని భాయ్‌కి చెప్పా.